లైన్లో ఉండండి

"తగ్గింది" అని ఒక్క మాట అనేసి, కోడలు థర్మామీటరును దిండు కిందికి తోసేసింది. మూసిన తలుపుకు అటువైపు అత్తగారు "తగ్గిందా, అమ్మయ్య! ఇంకో గంటకి మళ్లీ అడుగుతా, ఈలోపు నీళ్లు తాగుతూ ఉండు, కిటికీ మాత్రం మూయకు" అంటూ చెప్పులు టపటపలాడించుకుంటూ హాల్లోకి వెళ్లిపోయింది. తగ్గలేదు. నిన్న తగ్గిన మాట నిజమే, నిన్న సాయంత్రం ఒళ్లంతా చెమట పట్టి, దుప్పటి తన్నేసి, ఆకలేస్తోందని కూడా అంది, ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చింది, తీరా ఇవాళ మళ్లీ మొదలు, థర్మామీటరులో అంకె మొన్నటిదాన్ని దాటి కూర్చుంది. ఆ సంగతి చెప్పడానికి ఎంతసేపు, నోరు తెరిస్తే చాలు, కానీ నోరు తెరిస్తే వచ్చింది ఆ ఒక్క మాటే. ఫోన్లో ఆరోగ్య కేంద్రం నర్సు చెప్పినదంతా ఆమెకి తెలియకపోలేదు. నర్సు చెబుతుంటే అత్తగారు తన పాత ఉద్యోగపు అలవాటు కొద్దీ ప్రతి మాటా గట్టిగా తిరిగి చెప్పి సరిచూసుకుంది కదా, ఈ తలుపు దాటి ఇవతలికి స్పష్టంగా వినపడింది కదా. తగ్గిన జ్వరం మళ్లీ లేచినా, మాట్లాడుతుంటే మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వచ్చినా, గుండెల మీద బరువు పెట్టినట్టున్నా, మాట తడబడుతున్నా ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే ఫోన్ చెయ్యండి, బండి పంపుతాం. ఇందులో మొదటిది వచ్చేసింది. రెండోది వచ్చిందో లేదో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఈ ఇంట్లో ఆమె ఊపిరి కోసం ఆగాల్సినంత పొడుగు మాట ఏనాడూ మాట్లాడలేదు.

అదే కదా తమాషా. ఈ భవనంలో అన్ని అంతస్తుల వాళ్లూ ఆమెని నోట్లో నాలుక లేని పిల్ల అంటారు, అత్తగారి నోట్లో మాత్రం నువ్వుగింజ నానదంటారు, ఇద్దరినీ కలిపి సగం చేస్తే సరిగ్గా ఇద్దరు మామూలు మనుషులు తయారవుతారని మావగారు బతికున్నప్పుడు నవ్వేవాడట. అత్తగారు రిటైరయ్యేదాకా టెలిఫోన్ ఎక్స్‌చేంజ్‌లో ఆపరేటరు. చెవులకి హెడ్‌ఫోను, ఎదురుగా గోడంత బోర్డు, చేతుల్లో తీగలు, ఈ ఊరి మాట ఆ ఊరికి, ఆ ఊరి మాట ఈ ఊరికి. ఆ బోర్డులు పోయాయి, ట్రంక్ కాల్సు పోయాయి, ఎక్స్‌చేంజ్ మాత్రం పోలేదు, ఆవిడతో పాటు ఇంటికి వచ్చేసింది. భవనంలో చిన్నా పెద్దా ఆవిడని ఎక్స్‌చేంజ్ అత్తయ్య అనే పిలుస్తారు. ఎవరింట్లో పంపు కారుతోందో, ఎవరి పిల్లకి పళ్లు వస్తున్నాయో, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో, అన్నీ ఈ హాల్లో ఉన్న ఆ పాత నల్ల ఫోను దగ్గరికే వచ్చి, అక్కడినుంచే నలుగురికీ పోతాయి. కొత్తగా కాపురానికి వచ్చిన వారంలో ఆమె స్నానాల గదిలో బొద్దింకని చూసి కెవ్వుమంది, సాయంత్రం మెట్లు ఎక్కుతుంటే కింది వాటా పంతులమ్మ ఆపి "ఏమ్మా, బొద్దింక పోయిందా?" అని అడిగింది, ఆపైన మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఆవిడా అడిగింది, ఆ నెలంతా ఆమె పేరు బొద్దింక కోడలే. అదైనా నవ్వి ఊరుకోవచ్చు. కూతురు చిట్టి కంటే ముందు ఒకటి పోయింది, కడుపులోనే, ఇంకా ఎవరికీ చెప్పని నెలల్లోనే. ఆ రోజు అత్తగారి ఒళ్లో తల పెట్టుకుని ఒక్కసారి, ఒక్కసారే, మనసులో ఉన్నదంతా ఏడ్చి చెప్పుకుంది. మర్నాటికల్లా ఇంటి నిండా ఆడవాళ్లు, ఒకరి తర్వాత ఒకరు, భుజం నిమిరేవాళ్లు, తమ కథ చెప్పేవాళ్లు, పళ్లు తెచ్చేవాళ్లు. వాళ్ల తప్పేం లేదు, మంచికే వచ్చారు. కానీ ఆ రోజు మొదలు ఆమె తన సంగతుల మీద మూత పెట్టేసింది. ఎలా ఉందమ్మా అంటే బాగుంది. తిన్నావా అంటే తిన్నాను. మావాడు ఫోన్ చేశాడా అంటే చేశారు. జ్వరం ఎలా ఉంది అంటే తగ్గింది. అత్తగారు కూడా దానికే అలవాటు పడిపోయింది, ఈ పిల్ల తీరే అంత అనుకుంది, మాట్లాడించి ఊపిరి ఆగుతోందేమో పరీక్ష పెట్టమని నర్సు అంటే, ఒక్క మాట జవాబు చెప్పే మనిషికి ఆ పరీక్ష ఎలా పెట్టడం?

గోడ మీద ఎండ చారిక మంచం కోడు దాకా జరిగింది. ఫ్యాను తిరుగుతోంది, ఒక రెక్క మిగతా వాటికంటే బరువైనట్టు ప్రతి చుట్టుకీ ఒకసారి కిర్రుమంటోంది, ఆ కిర్రు మధ్యలో తన ఊపిరి ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెడదామనుకుని, భయమేసి మానేసింది. లెక్కపెడితే తెలుస్తుంది, తెలిస్తే చెప్పాలి. చెబితే బండి వస్తుంది, ఆసుపత్రి. ఆయనేమో ఊరి చివర విద్యుత్ సబ్‌స్టేషన్‌లో, ఊరంతా పాకిన ఈ ఫ్లూతో సగం మంది మంచాన పడటంతో ఉన్నవాళ్లని అక్కడే పడుకోమన్నారు, బయటికి వస్తే మళ్లీ లోపలికి రానివ్వరు, ఆయన ఆ స్విచ్చుల దగ్గర లేకపోతే ఈ ఫ్యానూ తిరగదు, ఆసుపత్రిలో మిషన్లూ తిరగవు. చిట్టికి ఇంకా జడ వేసుకోవడం రాదు, పడుకునేటప్పుడు ఎవరో ఒకరి చెవి తమ్మ పట్టుకోనిదే నిద్రపోదు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. అన్నీ నిజమే, అన్నీ సాకులే కూడా. అసలు సంగతి, ఈ భవనం అంతా కిటికీల్లోంచి చూస్తుండగా స్ట్రెచరు మీద పడుకుని వెళ్లడం, మళ్లీ వార్త కావడం. ప్రాణం మీదికి వచ్చినా ఆ సిగ్గు పోదేమిటో, ఎంత వెర్రిదో మనిషి మనసు!

హాల్లో ఫోను మోగింది. మోగడం పూర్తి కాకముందే అత్తగారు ఎత్తింది, "హలో, చెప్పండి." ఈ జబ్బు రోజులు మొదలైనప్పటినుంచి అటువైపు జరిగేదంతా ఆమెకి రేడియో నాటకంలా ఒక పక్కనుంచే వినపడుతోంది, రెండో పక్క ఊహించుకోవడమే. "ఎవరు చెప్పారు?... వాళ్లకి ఎవరు చెప్పారు?... ఆ ఎవరో చూశారా, విన్నారా?... విన్నారు. అయితే నేను ఆ కబురు ఇంకెవరికీ ఇవ్వను, మీరూ ఇవ్వకండి, కనుక్కుని చెబుతా, లైన్లో ఉండండి." అలా అంటూనే చిట్టి తండ్రి కొనిచ్చిన చేతి ఫోను తీసి ఆరోగ్య కేంద్రానికి చేస్తుంది, వాళ్లు చెప్పింది తిరిగి చెప్పి సరిచూసుకుంటుంది, మళ్లీ నల్ల ఫోను దగ్గరికి వస్తుంది. "కనుక్కున్నా. పాత దగ్గుకి మిగిలిన మాత్రలు దీనికి పనికి రావట. అవి వేరే పురుగుకి, ఇది వేరే పురుగు. ఈ మాట అన్నది కేంద్రంలో మధ్యాహ్నం పూట ఉండే డాక్టరమ్మ, నా సొంతం కాదు." ప్రతి మాటకీ వెనకాల అన్న మనిషిని కట్టి మరీ పంపుతుంది. తెలియనిదాన్ని తెలియదనే పంపుతుంది. మీ కోడలికి ఎక్కడ అంటుకుందండీ అని ఎవరో అడిగితే "తెలియదు. బస్సులో కావచ్చు, కొట్లో కావచ్చు. తెలియనిదానికి మనిషి పేరు తగిలిస్తే ఆ మనిషి కొంప ముంచినట్టే" అని ఫోను పెట్టేసింది. ఇదే నోరు, బొద్దింకని భవనమంతా పాకించిన నోరు! మంచం మీద పడుకుని ఈ మాటలు వింటూంటే, ఇన్నాళ్లూ ఒకే ఇంట్లో ఉండి ఈవిడని తను సగమే చూసిందేమో అనిపించింది. ఆ గోడంత బోర్డు ముందు ఎలా కూర్చునేదో ఎన్నడూ ఊహించుకోలేదు. చావు కబుర్లు, పుట్టుక కబుర్లు, ఎన్నో ఆ చేతుల మీదుగా పోయి ఉంటాయి, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా.

తప్పు చేయలేదా, చేసింది. మొదటి వారంలో పెద్దాసుపత్రిలో పడకలన్నీ నిండిపోయాయట, ఎవరినీ చేర్చుకోవడం లేదట అని ఎక్కడో విని నలుగురికీ చెప్పేసింది. మూడో అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ అది నమ్మి, తన మొగుడికి ఆయాసం వస్తున్నా ఒక రాత్రంతా ఇంట్లోనే ఉంచింది. తెల్లారి తీసుకెళితే పడకలు ఉన్నాయి, మొగుడు బతికి బయటపడ్డాడు. అది తెలిసిన పూట అత్తగారు అన్నం ముట్టలేదు. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని, ఆ మోకాళ్లతోనే, ఒక్కో అంతస్తూ దిగి, ప్రతి తలుపూ తట్టి, వెనక్కి జరిగి నిలబడి చెప్పింది, "మొన్న నేను చెప్పింది అబద్ధం. కనుక్కోకుండా చెప్పాను. పడకలు ఉన్నాయి. ఎవరూ ఆగకండి." అంతే, ఇంకో మాట లేదు, సమర్థింపు లేదు. ఆ రోజు తలుపు సందులోంచి కోడలు వింటూ నిలబడింది. పుకారు తీసుకెళ్లేవాళ్లు లోకంలో కోకొల్లలు, అది వెనక్కి తెచ్చుకోవడానికి మెట్లు దిగేవాళ్లని ఆమె చూడటం అదే మొదలు. టీకా మొదట పెద్దవాళ్లకి ఇచ్చినప్పుడూ అంతే, వేయించుకుని వచ్చి, చెయ్యి ఎంత నొప్పి పుట్టిందీ, రాత్రి ఎంత వెచ్చబడిందీ, పొద్దునకి ఎలా పోయిందీ దాచకుండా చెప్పింది, నొప్పి లేదని కోస్తే నమ్మేవాళ్లు కాదు, నొప్పి చెప్పింది కాబట్టి మేడ మీద ముసలాయన కూడా వెళ్లి వేయించుకున్నాడు. కోడలి వయసువాళ్ల వంతు రాకముందే జ్వరమే వచ్చేసింది.

జ్వరం వచ్చిన మొదటి పూట జరిగింది తలుచుకుంటే మాత్రం ఇంకా చెవులు వేడెక్కుతాయి. పరీక్షలో ఫ్లూ అని తేలగానే అత్తగారు ఆమెని ఈ గదిలోకి పంపి, కిటికీ బార్లా తెరిచి, పళ్లెం పెట్టడానికి తలుపు బయట ఒక కుర్చీ వేసి, వెంటనే మెట్ల దగ్గర నిలబడి పైకీ కిందికీ వినపడేలా కేకేసింది. "మా కోడలికి ఫ్లూ! పరీక్ష చేయించాం! మా ఇంటికి ఎవరూ రాకండి, దాంతో ఈ వారం మాట్లాడినవాళ్లు ఒంట్లో చూసుకోండి!" పరువు పోయిందనుకుంది ఆమె, దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. చుట్టుపక్కల వాళ్లంతా ఇంట్లో జబ్బుని దొంగసొత్తులా దాచుకుంటుంటే, ఈవిడేమో టముకు వేసి మరీ చెబుతోంది. కానీ ఆ కేక తర్వాతే కింది వాటా పంతులమ్మ వాళ్లాయన దగ్గు సంగతి బయటపెట్టింది, ఆయన పరీక్షకి వెళ్లి రెండో రోజు దాటకముందే మందు మొదలుపెట్టాడు, ఎవరో రోజూ మెట్ల మీద పాల సీసా పెట్టి వెళుతున్నారు, ఎవరో చిట్టికి రంగు పెన్సిళ్లు పెట్టారు. ఒకరు చెప్పేశారు కాబట్టి మిగతావాళ్లకి చెప్పడం తేలికైంది. ఇప్పుడు భవనంలో ఎవరికి ఉందో ఎవరికి లేదో అందరికీ తెలుసు, ఎవరూ ఎవరినీ వెలివేసినట్టు చూడటం లేదు. మరి ఆమె మాత్రం ఇక్కడ, దిండు కింద థర్మామీటరు దాచుకుని.

కళ్లజోడు తీసింది. అద్దం మసకగా ఉంది, చెమట. ఆమె పని చేసేది కళ్లజోళ్ల కొట్లోనే, అద్దాలు అరగదీసి ఫ్రేములో బిగించే పని, మాటలతో అవసరం లేని పని, అందుకే ఆమెకి ఇష్టం. బిగించిన జోడు మీద 'హా' అని ఊది, మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుతురుకి ఎత్తి చూసి ఇవ్వడం అక్కడ ఆనవాయితీ. ఒక్క ఊపిరికి రెండద్దాలూ మసక పట్టాలి, పట్టేవి కూడా, చేతికి అలవాటున్నట్టు ఊపిరికీ అలవాటు ఉంటుంది. ఈ జబ్బు మొదలవగానే యజమాని పిలిచి ఇకమీదట ఎవరూ జోళ్ల మీద ఊదకండి, నీళ్ల బుడ్డి పెట్టాను అన్నాడు, చాన్నాళ్లు చేతికి ఆ అలవాటు తప్పలేదు, మూతికి గుడ్డ ఉన్నా సరే జోడు ఎత్తి పెదాల దగ్గరికి తీసుకుపోయి నాలుక కరచుకునేది. అత్తగారికి గుడ్డ సరిగా కట్టుకోవడం నేర్పింది తనే, జోడు మసకబారుతోందంటే గాలి ముక్కు పక్కనుంచి తప్పించుకుంటోందన్నమాట అత్తయ్యా, గుడ్డ అంచులో ఉన్న తీగని ముక్కుకి ఆనించి నొక్కండి, జోడు దాని మీద కూర్చోబెట్టండి, అని. ఆ ఒక్క రోజే కాబోలు ఆవిడతో నాలుగు ముక్కలు కలిపి మాట్లాడింది. సాయంత్రానికి భవనంలో అందరి జోళ్లూ గుడ్డల మీద బుద్ధిగా కూర్చున్నాయి, "మా కోడలు చెప్పింది, దానికి ఆ పని తెలుసు" అని ప్రతి ఇంటికీ ఆమె పేరు మీదే పంపింది ఆవిడ. ఇప్పుడు ఆ జోడునే రెండు చేతులతో పట్టుకుని, అలవాటైన పద్ధతిలో 'హా' అంది. ఎడమ అద్దం మసకేసింది. కుడి అద్దం సగం దాకా వచ్చేసరికి ఊపిరి అయిపోయింది. అయిపోయి, దగ్గు వచ్చి, దగ్గు ఆగాక గుండెల మీద ఎవరో చెయ్యి పెట్టి ఒత్తినట్టుంది. మళ్లీ ఊదింది. ఈసారి అంత కూడా రాలేదు.

"హలో, ఎక్స్‌చేంజ్!" తలుపు అవతల నేల దగ్గర్నుంచి చిట్టి గొంతు. స్టీలు గ్లాసు నోటికి పెట్టుకుని ఉంటుంది, గొంతు గంటలో నుంచి వచ్చినట్టుంది. తలుపు ముట్టుకోకూడదని, కుర్చీ దాటకూడదని నానమ్మ దానికి ఆటగా నేర్పింది, గీత దాటితే లైన్ పోతుందంది. "హలో, ఎవరు కావాలండీ? అమ్మ కావాలి. లైన్లో ఉండండి, ఇస్తున్నాం. అమ్మా, మాట్లాడు! కుందేలు కథ చెప్పు!" ఆమె గొంతు సవరించుకుంది. "ఒక కుందేలు... పొద్దున్నే లేచి..." ఆగింది. "పొద్దున్నే లేచి తోటకి..." మళ్లీ ఆగింది. కుందేలు తోటకి వెళ్లడం ఎంత, ఎన్నిసార్లు చెప్పిన కథ, అయినా ఆ కుందేలు గుమ్మం దగ్గరే కూలబడింది. అవతల గ్లాసు నేలకి తగిలిన చప్పుడు. "నానమ్మా! అమ్మ లైన్ కట్ అవుతోంది!" అని చిట్టి అరిచింది. ఆమె వెనక్కి వాలింది. ఇక తెలిసిపోతుంది, చెప్పనక్కర్లేదు, పిల్లే చెప్పేసింది, అనుకుని కళ్లు మూసుకుంది, సిగ్గుగానూ ఉంది, తేలిగ్గానూ ఉంది. కానీ అత్తగారు నల్ల ఫోనులో ఉంది, "ఉండవే తల్లీ, మాట్లాడుతున్నా" అంది, చిట్టి రంగు పెన్సిళ్ల దగ్గరికి పరిగెత్తింది. పోయింది ఆ అవకాశం. ఎవరో తన బదులు చెబుతారేమోనన్న ఆశ అంత సేపే నిలిచింది.

అవతలి మాటలు మళ్లీ వినపడసాగాయి. కుట్టుపని ఆవిడే అటువైపు. "మీ చెల్లెలికా? తగ్గి మళ్లీ వచ్చిందా?... ఎప్పటినుంచి?... ఎన్నో నెల?" ఆ చెల్లెలు పురిటికి అక్కగారింటికి వచ్చింది, మొన్నటిదాకా కింద వాకిట్లో పొట్ట మీద చెయ్యి వేసుకుని నడుస్తుండేది, ఆమె కిటికీలోంచి చూసేది. "అయితే ఆగకు. నర్సు చెప్పింది చెబుతున్నా విను, తగ్గిన జ్వరం మళ్లీ లేస్తే..." అత్తగారు పూర్తి చేయకముందే అటువైపు ఆవిడ ఏదో అంది, చాలాసేపు అంది. "అవును, మా కోడలికి తగ్గింది. తనే చెప్పింది, నేను చూడలేదు... ఒక్క మాటే చెబుతుందమ్మా అది, కానీ ఆ ఒక్కటీ తప్పు చెప్పదు... కాదు కాదు, దానికి తగ్గిందని మీ చెల్లికీ తగ్గుతుందని ఏముంది? ఎవరి ఒళ్లు వాళ్లది!... రేపటిదాకా ఎందుకు చూడటం?... సరే, నీ ఇష్టమంటే నేనేం చెప్పను, నా మాట మాత్రం ఆగొద్దనే. ఇంకాసేపట్లో కోడల్ని మళ్లీ అడుగుతా, నీకు చేస్తా." ఫోను పెట్టిన చప్పుడు. తర్వాత, తనలో తను అనుకుంటున్నట్టు, "మూర్ఖత్వం" అని ఒక్క మాట.

ఆ ఒక్కటీ తప్పు చెప్పదు. ఫ్యాను కిర్రు. తను అన్న ముక్క చిన్నదే, ఒక్క ఊపిరిలో సగం కూడా పట్టని ముక్క, తన గదిలో, తన దిండు కింద, తన సంగతి అనుకుంది. అది అప్పుడే మూడో అంతస్తుకి చేరి, కడుపుతో ఉన్న పిల్ల మంచం పక్కన కూర్చుని, ఎక్స్‌చేంజ్ అత్తయ్య కోడలికి తగ్గింది, నీకూ తగ్గుతుంది, రేపటిదాకా చూద్దాం అంటోంది. వెనకాల తన ముద్ర కట్టుకుని మరీ వెళ్లింది. అబద్ధానికి కాళ్లు ఉంటాయని అత్తగారికి ముందే తెలిసింది, అందుకే ఆ రోజు మెట్లు దిగింది. తన అబద్ధానికి తను మెట్లు దిగలేదు, మంచమే దిగలేకపోతోంది. ఆ పిల్ల కడుపు, పొట్ట మీద ఆ చెయ్యి. తనకి పోయింది గుర్తొచ్చింది, ఆ రోజు వచ్చిన ఆడవాళ్లు గుర్తొచ్చారు, అందరిలోకీ ఆ కుట్టుపని ఆవిడ, ఓదార్పు మాట ఒక్కటీ అనకుండా, సగం ఊడిన ఆమె జాకెట్టు హుక్కు చూసి, తన నైటీ జేబులోంచి సూదీ దారం తీసి, అక్కడే కూర్చుని కుట్టి వెళ్లింది. అది ఇన్నేళ్లూ ఎందుకు గుర్తు రాలేదు? వార్త అయినందుకే కదా ఆవిడ వచ్చింది, ఎవరూ చెప్పకపోతే ఆ హుక్కు ఎవరు కుట్టేవారు?

గంట ఇంకా కాలేదు. అత్తగారు వచ్చి అడిగేదాకా ఆగవచ్చు. ఆమె ఆగలేదు. మంచం కోడు పట్టుకుని లేచి, గుడ్డ ముక్కుకి బిగించి, జోడు దాని మీద కూర్చోబెట్టి, గోడ పట్టుకుని తలుపు దాకా వెళ్లి, వేలి కణుపులతో తట్టింది. ఆ తలుపు ఇన్ని రోజులూ బయటినుంచే మోగింది, లోపలినుంచి మోగడం అదే మొదటిసారి. హాల్లో చెప్పుల చప్పుడు టక్కున ఆగి, పరుగులాంటిదేదో అయి, కుర్చీ దగ్గర ఆగిపోయింది.

"ఏమ్మా?"

"అత్తయ్యా, నేను ఇందాక చెప్పింది అబద్ధం, జ్వరం తగ్గలేదు..." ఊపిరి. "మొన్నటికంటే ఎక్కువుంది, జోడు మీద ఊదితే..." ఊపిరి. "ఒక్క అద్దమే మసక పడుతోంది, గుండెల మీద బరువుగా ఉంది..." ఊపిరి, దగ్గు, మళ్లీ ఊపిరి. "మూడో అంతస్తుకి ముందు చెప్పండి, ఆ పిల్లని..." ఊపిరి. "ఆ పిల్లని నా మాట మీద ఆపద్దని చెప్పండి."

ఈ ఇంటికి వచ్చాక ఆమె మాట్లాడిన అన్నిటికంటే పొడుగు మాట అదే. అది సాగినంతసేపూ, ముక్కలు ముక్కలై ఆగి ఆగి సాగినంతసేపూ, జీవితంలో ఎవరినీ వాక్యం పూర్తి చేయనివ్వని ఆ మనిషి తలుపు అవతల నిలబడి ఒక్క ఊఁ కూడా కొట్టలేదు. ఎందుకు చెప్పలేదనలేదు, అయ్యో అనలేదు. ఆమె మాట ఆగిన చోట ఆగి, ఊపిరి అందేదాకా కాచుకుని, అంతా అయిపోయిందని నిశ్చయమయ్యాకే గొంతు విప్పింది, ఆ గొంతు అత్తగారిది కాదు, ఆ గోడంత బోర్డు ముందు కూర్చున్న మనిషిది. "తిరిగి చెబుతున్నా, సరిచూసుకో. జ్వరం తగ్గలేదు, పెరిగింది. మాట మధ్యలో ఊపిరి ఆగుతోంది. గుండెల మీద బరువు. మూడో అంతస్తుకి చెప్పాలి. సరిగ్గా విన్నానా?"

"సరిగ్గా విన్నారు."

"కింద కూర్చో, గోడకి ఆనుకో, పడుకోకు. బండికి చేస్తున్నా. లైన్లో ఉండు."

ఆమె తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. చేతి ఫోనులో బండికి చెప్పడం వినపడింది, మనిషి వయసు, లక్షణాలు, ఎన్నో రోజు, ఏ మందు వేసుకుంటోంది, ఒక్కటీ తడుముకోలేదు. నల్ల ఫోనులో మూడో అంతస్తుకి, "మా కోడలికి తగ్గలేదట, తనే ఇప్పుడు చెప్పింది, అది నిన్ను ఆగవద్దని చెప్పమంది, మీ చెల్లిని తయారు చెయ్యి, బండిలో ఇద్దరికీ చోటుందట, అడిగాను." సబ్‌స్టేషన్‌కి, "కంగారు పడకు, కదలకు, నువ్వు అక్కడే ఉండాలి, ఇక్కడ నేనున్నా." మధ్యమధ్యలో, పూర్వం ట్రంక్ కాల్ కోసం కాచుకున్నవాళ్లని ఊరికే వదిలేయకుండా పలకరించినట్టు, తలుపు వైపు తిరిగి, "లైన్లో ఉన్నావా?" అనేది. "ఉన్నాను" అనేది ఆమె. ఒక్క మాటే. కానీ ఇప్పుడా ఒక్క మాటని అత్తగారు చెవి రిక్కించి వింటోంది, అందులో ఊపిరి ఎంతుందో తూచుకుంటోంది, అది ఆమెకి తెలుస్తోంది.

బండి వచ్చేముందు అత్తగారు మెట్ల దగ్గర నిలబడి మళ్లీ కేకేసింది. "మా కోడలూ, కుట్టుపని అమ్మాయి చెల్లెలూ కిందికి దిగుతున్నారు! మెట్ల మీద ఎవరూ ఉండకండి, మెట్ల కిటికీలు తెరవండి, తలుపులు వేసుకోండి!" ఒక్కో అంతస్తులో తలుపులు మూసుకున్న చప్పుడు, కిటికీలు తెరుచుకున్న చప్పుడు, కిందినుంచి పైదాకా గాలి రివ్వుమంది. తెల్ల దుస్తులవాళ్లు ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి దించుతుంటే మెట్లన్నీ ఖాళీ. ఆమె వార్త అయింది, అందుకే దారి ఖాళీ అయింది. మూసిన తలుపుల వెనకనుంచి ఎవరిదో గొంతు, "ధైర్యంగా వెళ్లి రా అమ్మా" అంది, పంతులమ్మది కావచ్చు. బండిలో ఆ పిల్ల అప్పటికే కూర్చుని ఉంది, పొట్ట మీద చెయ్యి అలాగే ఉంది, కళ్లు మాత్రం ఆమె కళ్లలోకి చూశాయి.

బండి తలుపు వేయబోతుంటే పైనుంచి కేక వినపడింది. అత్తగారు చిట్టిని ఎత్తి పట్టుకుని కిటికీలోంచి సగం బయటికి వంగి ఉంది, వీధి వీధంతా కిటికీల్లో ఉంది, అందరూ చూస్తున్నారు.

"అమ్మాయ్! లైన్లో ఉన్నావా?"

ఆమె బండిలోవాళ్లు నోటికి పెట్టిన ఆక్సిజన్ మాస్కుని ఒక చేత్తో జరిపి, మిగిలిన ఊపిరంతా పోగేసి, వీధంతా వినేలా అరిచింది.

"ఉన్నానత్తయ్యా!"